డేటాబేస్ టెంపరరీ ఫైళ్ళకు చోటు ఎక్కడ? మామూలు డిస్క్, ర్యామ్, విడి ఎస్ఎస్‌డీ: ఎవరికి ఏది

"సర్వర్‌లో ర్యామ్ సగం ఖాళీగా ఉంది, రిపోర్టు మాత్రం పదిహేను నిమిషాలు తీసుకుంటోంది. /టీఎంపీని (తాత్కాలిక ఫైళ్ళు ఉండే ఫోల్డర్‌ను) ర్యామ్‌లోకి మార్చేస్తే పోదా?" డేటాబేస్ సర్వర్లు చూసుకునే పనిలో ఉన్న నన్ను ఈ మాట అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. అడగడంలో తప్పేమీ లేదు. ర్యామ్ వేగం, డిస్క్ నెమ్మది అన్నది నిజమే. కానీ ఆ రెండింటి మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ చడీచప్పుడు లేకుండా చేసే పని ఒకటుంది. అది తెలుసుకోకుండా మార్పు చేస్తే ఒక్కోచోట ఏమీ మారదు, ఒక్కోచోట కాస్త వేగం వస్తుంది, ఒక్కోచోట నెలాఖరు రాత్రి సర్వర్ కూలుతుంది. మూడూ చూశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మామూలు డిస్క్ మీద పెట్టిన చిన్న టెంపరరీ ఫైలు చాలావరకు ఇప్పటికే ర్యామ్‌లోనే ఉంటుంది. కాబట్టి చోటు మార్చే ముందు క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) ఇచ్చే మెమరీ సంగతి చూడండి. అప్పటికీ చాలకపోతే విడిగా ఒక లోకల్ ఎస్ఎస్‌డీ పెట్టండి. ర్యామ్ డిస్క్‌ను, అంటే ర్యామ్‌లోనే కట్టిన డిస్క్‌ను, మాత్రం ఫైళ్ళు ఎంతవరకు పెరుగుతాయో కచ్చితంగా తెలిసినచోటే వాడండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ఏ ఫైళ్ళ గురించి మాట్లాడుతున్నాం

వరి కోశాక పంట నేరుగా గాదెలోకి పోదు. కళ్ళంలో నూర్చి, తూర్పారబట్టి, ఆ తర్వాత గాదెకు చేరుస్తారు. పనయ్యాక కళ్ళం ఊడ్చేస్తారు. డేటాబేస్‌కు టెంపరరీ ఫైళ్ళు అలాంటి కళ్ళం. పెద్ద సార్ట్, పెద్ద జాయిన్, గ్రూప్ బై, కొత్త ఇండెక్స్ కట్టడం వంటివి ఇచ్చిన మెమరీలో పట్టనప్పుడు, మిగిలింది ఫైలులోకి పోసి పని ముగిస్తాయి. క్వెరీ అయిపోగానే ఆ ఫైలు పోతుంది. కరెంటు పోయినా ఆ ఫైలు కోసం ఏడ్చేవాళ్ళు లేరు. క్వెరీ మళ్ళీ నడిపితే మళ్ళీ పుడుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. డేటాబేస్ పక్కన తాత్కాలికంగా కనిపించే ప్రతి ఫైలూ కళ్ళం సరుకు కాదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలు పక్కన "జర్నల్" అనో "వాల్" అనో తోక తగిలించుకుని కనిపించేవి అసలు డేటాలో భాగం. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయాక వాటిని "ఏవో టెంప్ ఫైళ్ళు" అనుకుని తుడిచేస్తే డేటాబేస్ పాడవుతుంది. వాటిని కదపకండి, ర్యామ్‌లోకీ మార్చకండి. ఈ వ్యాసంలోని సలహాలేవీ వాటికి వర్తించవు.

అసలు ఏ డేటాబేస్ ఎక్కడ రాస్తుంది

చాలామంది తడబడేది ఇక్కడే. /టీఎంపీని ర్యామ్‌లో పెట్టి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వేగం పెరుగుతుందని ఎదురుచూసేవాళ్ళను చూశాను. పోస్ట్‌గ్రెస్ సార్ట్ ఫైళ్ళ కోసం అటువైపు కన్నెత్తి కూడా చూడదు. తన డేటా డైరెక్టరీలోనే, "బేస్" కింద "పీజీఎస్‌క్యూఎల్_టీఎంపీ" అనే చోట రాసుకుంటుంది. అంటే అసలు టేబుళ్ళు ఉన్న డిస్క్ మీదే.

మైఎస్‌క్యూఎల్ కథ వేరు. సార్ట్ ఫైళ్ళు "టీఎంపీడిర్" అనే సెట్టింగ్ చెప్పినచోటికి పోతాయి, లినక్స్‌లో అది మామూలుగా /టీఎంపీ. కానీ ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ లోపలి స్టోరేజ్ ఇంజిన్) టెంపరరీ టేబుళ్ళు డేటా డైరెక్టరీలోని "ఐబీటీఎంపీ1" ఫైలులోకీ, 8.0 తరంలో వచ్చిన "#ఇన్నోడీబీ_టెంప్" ఫోల్డర్‌లోకీ పోతాయి. "ఐబీటీఎంపీ1" ఒకసారి పెరిగిందంటే సర్వర్ రీస్టార్ట్ చేసేదాకా తగ్గదు. డిస్క్ నిండిందని వెతికేవాళ్ళు ముందు దాన్ని చూడాలి.

ఎస్‌క్యూలైట్ అయితే యూనిక్స్ కుటుంబంలో ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూస్తుంది. అవి లేకపోతే /వార్/టీఎంపీ, తర్వాత /యూఎస్ఆర్/టీఎంపీ, ఆ తర్వాతే /టీఎంపీ. కాబట్టి /టీఎంపీని ఎంత వేగంగా చేసినా అక్కడిదాకా అది రాకపోవచ్చు. దాని టెంప్ ఫైళ్ళ పేర్లు "ఎటిల్క్స్" అన్న వింత పదంతో మొదలవడం వెనక ఒక కథ ఉంది. మొదట్లో అవి "ఎస్‌క్యూలైట్" పేరుతోనే ఉండేవి. ఒక యాంటీవైరస్ ఉత్పత్తిలో ఎస్‌క్యూలైట్ వాడటం మొదలయ్యాక, విండోస్ టెంప్ ఫోల్డర్‌లో ఆ పేర్లు చూసి చిరాకుపడ్డ జనం ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్ళ ఫోన్ నంబర్లు వెతికి రాత్రివేళ ఫోన్లు చేసేవారట. అందుకే 2006లో పేరును వెనక నుంచి ముందుకు తిప్పి రాశారు. ఆ వివరం సోర్స్ కోడ్ కామెంట్‌లోనే ఉంది.

మామూలు డిస్క్: కెర్నెల్ ఏం చేస్తుంది

లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలులోకి రాస్తే ఆ డేటా ముందు పేజీ క్యాష్‌లోకి, అంటే ర్యామ్‌లోకి, వెళుతుంది. ప్రోగ్రామ్‌కు "రాసేశాను" అన్న జవాబు అక్కడితోనే వచ్చేస్తుంది. ఇంకా డిస్క్‌కు చేరని ఆ పేజీలను డర్టీ పేజీలు అంటారు. వాటిని డిస్క్‌కు చేర్చే కెర్నెల్ థ్రెడ్‌లు 5 సెకన్లకోసారి లేస్తాయి, 30 సెకన్లు దాటి పాతబడ్డ పేజీలను ఏరుకుని రాస్తాయి. డర్టీ పేజీలు అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం దాటితే వయసు చూడకుండా వెనకనుంచి రాయడం మొదలవుతుంది. 20 శాతానికి చేరితే రాస్తున్న ప్రోగ్రామ్‌నే ఆపి, "కొంచెం ఆగు, డిస్క్ అందుకోవాలి" అంటుంది. ఇవి కెర్నెల్‌తో వచ్చే డిఫాల్ట్ అంకెలు, మార్చుకోవచ్చు.

ఇప్పుడు టెంపరరీ ఫైలు బతుకు చూడండి. డేటాబేస్ దాన్ని తెరుస్తుంది, 200 ఎంబీ రాస్తుంది, తిరిగి చదువుతుంది, పన్నెండు సెకన్లలో తుడిచేస్తుంది. ఎఫ్‌సింక్ (వెంటనే డిస్క్‌కు రాయమనే ఆదేశం) పిలవదు, ఎందుకంటే ఈ డేటా భద్రంగా ఉండాల్సిన అవసరమే లేదు. 30 సెకన్లు నిండకముందే ఫైలు పోయింది కాబట్టి ఆ డర్టీ పేజీలను కెర్నెల్ పారేస్తుంది. డిస్క్‌కు వెళ్ళాల్సిన పనే లేకపోయింది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్ఎస్ అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు రెండూ డిస్క్‌లో ఏ బ్లాక్ ఇవ్వాలన్నది కూడా చివరి నిమిషం దాకా వాయిదా వేస్తాయి. కాబట్టి బ్లాకులు కేటాయించే పని కూడా చాలావరకు తప్పిపోతుంది. అంటే ఫైలు పేరు డిస్క్‌ది, బతుకంతా ర్యామ్‌లో.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో లినక్స్ మెషీన్ మీద చేసి చూడండి. 300 ఎంబీ ఫైలు ఒకటి రాసి, మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫోలో "డర్టీ" అనే వరుస చూడండి, అంతకంత పెరుగుతుంది. వెంటనే ఫైలు తుడవండి. ఆ అంకె పడిపోతుంది, డిస్క్ పని చూపే ఐఓస్టాట్‌లో డిస్క్ రాతలు మాత్రం దాదాపు కనిపించవు. నాకు మొదటిసారి ఇది చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంకా గుర్తుంది. ఏళ్ళ తరబడి తప్పుచోట వేగం వెతికానని అప్పుడే తెలిసింది.

ఫైల్ సిస్టమ్ మారితే ఈ లెక్కా మారుతుంది. జెడ్ఎఫ్ఎస్ మామూలుగా 5 సెకన్లకోసారి పోగైన రాతలన్నిటినీ ఒక కట్టగా డిస్క్‌కు పంపుతుంది. కాబట్టి పన్నెండు సెకన్లు బతికే ఫైలుకు ఈఎక్స్‌టీ4 మీద దొరికిన లాభం అక్కడ దొరకదు.

ఇంకో సంగతి. యూనిక్స్‌లో ఫైలు తెరిచిన వెంటనే దాని పేరు తీసేయొచ్చు, తెరిచి ఉన్నంతసేపు డేటా ఉంటుంది, మూయగానే పోతుంది. ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్ రెండూ ఈ పద్ధతి వాడతాయి. ప్రోగ్రామ్ కూలినా చెత్త మిగలకపోవడం ఇందులో మేలు. చిక్కేమిటంటే, డిస్క్ నిండిపోతుంది, ఫోల్డర్‌లో చూస్తే ఒక్క ఫైలూ ఉండదు. డిస్క్ వాడకం చూపే డీఎఫ్ ఒక అంకె చెబుతుంది, ఫైళ్ళను కూడి చెప్పే డీయూ ఇంకొకటి చెబుతుంది. అప్పుడు ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో "పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్ళు" అడిగితే దొంగ దొరుకుతాడు.

మామూలు డిస్క్ ఎప్పుడు చాలదు

ఫైలు పెద్దదైతే. 64 జీబీ సర్వర్‌లో 50 జీబీ అందుబాటులో ఉందనుకోండి. సుమారు 5 జీబీ దాటగానే వెనక రాతలు మొదలవుతాయి, 10 జీబీ దగ్గరికి వచ్చేసరికి క్వెరీ వేగం డిస్క్ వేగానికి దిగిపోతుంది. అది క్లౌడ్‌లో నెట్‌వర్క్ డిస్క్ అయితే నొప్పి ఎక్కువ. అమెజాన్ జీపీ3 డిస్క్ అదనంగా డబ్బు కట్టకుండా ఇచ్చేది సెకనుకు 125 ఎంబీ, 3000 ఐఓపీఎస్ (సెకనుకు చేసే చదువు-రాతల సంఖ్య). ఆ లెక్కన 10 జీబీ రాయడానికే 80 సెకన్లు, క్యాష్‌లో లేకపోతే చదవడానికి ఇంకో 80.

నన్ను ఇంతకన్నా భయపెట్టేది పక్కవాళ్ళకు తగిలే దెబ్బ. ఒక రిపోర్టు 20 జీబీ టెంప్ ఫైళ్ళు కుమ్మరిస్తుంటే, అదే డిస్క్ మీద ప్రతి కమిట్‌కూ ఎఫ్‌సింక్ అడిగే వాల్ ఫైలు (మార్పులు ముందుగా రాసుకునే లాగ్) క్యూలో నిలబడాలి. రిపోర్టు నడిపినవాడికి పది నిమిషాలు ఆలస్యం, అంతే. కౌంటర్ దగ్గర బిల్లు కొట్టేవాడికి మాత్రం ప్రతి బిల్లూ నత్తనడక. పైగా ఆ 20 జీబీ పేజీ క్యాష్‌లో చోటు అడుగుతుంది కాబట్టి, రోజూ వాడే టేబుళ్ళ పేజీలు కొన్ని బయటికి పోతాయి. రిపోర్టు అయిపోయాక కూడా కాసేపు అంతా మందకొడిగా ఉండటానికి కారణం ఇదే.

టెంప్‌ఎఫ్ఎస్: నడి రోడ్డు మీద కళ్ళం

కోతల కాలంలో మన ఊళ్ళ రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉండటం తెలిసిందే. నేల చదును, ఎండ బాగా తగులుతుంది, పని చురుగ్గా అవుతుంది. కానీ ఆ రోడ్డు బండ్లు తిరగడానికి వేసింది. టెంప్‌ఎఫ్ఎస్ అలాంటిది. అది ర్యామ్‌లో ఉండే ఫైల్ సిస్టమ్, చెప్పకపోతే మొత్తం ర్యామ్‌లో సగం దాకా పెరగగలదు. కానీ ఆ ర్యామ్ అసలు డేటాబేస్ బఫర్లకూ, పేజీ క్యాష్‌కూ, క్వెరీలకూ ఉద్దేశించింది.

మామూలు డిస్క్ ఫైలుకూ దీనికీ అసలు తేడా ఒక్కటే: వెనక తలుపు. డిస్క్ ఫైలు పేజీలతో మెమరీ ఇరుకైతే కెర్నెల్ వాటిని డిస్క్‌కు రాసి, ఆ ర్యామ్ ఇంకొకరికి ఇస్తుంది. టెంప్‌ఎఫ్ఎస్ పేజీలకు వెనక డిస్క్ లేదు. పోగలిగితే స్వాప్‌కు, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటుకు, పోవాలి. చాలా సర్వర్లలో స్వాప్ పెట్టరు, లేదా నామమాత్రంగా పెడతారు. అప్పుడు మిగిలేవి రెండే దారులు. టెంప్‌ఎఫ్ఎస్ నిండి క్వెరీకి "చోటు లేదు" అన్న ఎర్రర్, లేదా ర్యామ్ మొత్తం నిండి ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రోగ్రామ్‌లను చంపే కెర్నెల్ భాగం) ఎవరో ఒకరి ప్రాణం తీయడం.

ఆ రెండోది నేను చూసిన సర్వర్‌లో జరిగింది. 32 జీబీ మెషీన్, స్వాప్ లేదు, పోస్ట్‌గ్రెస్ 12, టెంప్ టేబుల్‌స్పేస్ (టెంప్ ఫైళ్ళకు చూపిన చోటు) టెంప్‌ఎఫ్ఎస్ మీద. ఏడాదిన్నర హాయిగా నడిచింది. డేటా నెలనెలా పెరుగుతూ వచ్చి, ఒక నెలాఖరు రాత్రి రెండు రిపోర్టులు ఒకేసారి పడ్డాయి. ఓఓఎమ్ కిల్లర్ ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపింది. ఒక ప్రాసెస్ అలా చస్తే పోస్ట్‌గ్రెస్ తన మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీ చేసుకుంటుంది. డేటా పోలేదు. కానీ అక్కడితో ఆగలేదు. ఆ రోజుల్లో అలా కూలి లేచినప్పుడు పాత టెంప్ ఫైళ్ళను తుడిచేది కాదు. మామూలు డిస్క్ అయితే అవి మూల పడి ఉండేవి. ఇక్కడ అవి ర్యామ్‌లో కూర్చున్నాయి. సర్వర్ లేచాక కూడా ర్యామ్ నిండుగానే ఉండి, ఇరవై నిమిషాల్లో మళ్ళీ కూలింది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ఆ ఫైళ్ళను క్రాష్ తర్వాత తుడవడం డిఫాల్ట్ అయింది. పాత వెర్షన్ నడిపేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇందులో కళ్ళు మోసపోయే చోటు కూడా ఒకటుంది. "ఫ్రీ" కమాండ్‌లో టెంప్‌ఎఫ్ఎస్ వాడకం "బఫ్/క్యాష్" గడిలో కలిసిపోయి కనిపిస్తుంది. క్యాషే కదా, అవసరమైతే ఖాళీ అవుతుందిలే అనుకుంటాం. అవదు. "షేర్డ్" గడి పెరుగుతోందా, "అవైలబుల్" గడి తగ్గుతోందా అన్నది చూడాలి.

డెబియన్ వాడేవాళ్ళకు ఇది ఇప్పుడు అడగకుండానే వచ్చిన సమస్య. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో /టీఎంపీ డిఫాల్ట్‌గా టెంప్‌ఎఫ్ఎస్ అయింది. ఫెడోరా ఆ పని 2013లో వచ్చిన 18వ వెర్షన్‌లోనే చేసింది. మైఎస్‌క్యూఎల్ "టీఎంపీడిర్" అటే చూపిస్తుంటే, పెద్ద టేబుల్ మీద కొత్త ఇండెక్స్ కట్టే సార్ట్ ఫైళ్ళు కూడా ర్యామ్‌లోకే వస్తాయి. సగం ర్యామ్‌కన్నా పెద్ద సార్ట్ అయితే ఆల్టర్ టేబుల్ మధ్యలో చస్తుంది. దానికి "ఇన్నోడీబీ_టీఎంపీడిర్" అన్న విడి సెట్టింగ్ ఉంది, దాన్ని డిస్క్ వైపు తిప్పండి. రెప్లికా సర్వర్ల (అసలు సర్వర్‌కు నకలుగా నడిచేవాటి) విషయంలో మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ ఇంకా గట్టిగా చెబుతుంది: రెప్లికేషన్‌కు కావలసిన కొన్ని టెంప్ ఫైళ్ళు రీబూట్ తర్వాత కూడా ఉండాలి, వాటిని మెమరీ ఫైల్ సిస్టమ్ మీద పెట్టొద్దని.

కంటైనర్లలో అయితే ఇరుకు ఇంకా ఎక్కువ. డాకర్ ప్రతి కంటైనర్‌కు డెవ్-ఎస్‌హెచ్ఎమ్ (ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ) కింద ఇచ్చేది 64 ఎంబీ. పోస్ట్‌గ్రెస్ ప్యారలల్ క్వెరీలు ఆ చోటు వాడతాయి కాబట్టి, డిస్క్ సగం ఖాళీగా ఉన్నా "డిస్క్‌లో చోటు లేదు" అన్న ఎర్రర్ వస్తుంది. చూసి డిస్క్ పెంచేవాళ్ళున్నారు. పెంచాల్సింది కంటైనర్ ఎస్‌హెచ్ఎమ్ సైజు. కుబర్నెటీస్‌లో మెమరీ రకం ఎంప్టీడిర్ (తాత్కాలిక ఫోల్డర్) వాడితే అందులో రాసిన ప్రతి బైటూ ఆ కంటైనర్ మెమరీ లిమిట్‌లోంచే పోతుంది.

మరి టెంప్‌ఎఫ్ఎస్ ఎవరికి? టెస్టులు నడిపే సర్వర్లకు బ్రహ్మాండం. డేటా చిన్నది, పోయినా పర్వాలేదు, ఒక్కో టెస్టుకు డేటాబేస్ పుట్టి చస్తుంది. అక్కడ టెంప్ ఫైళ్ళే ఏం ఖర్మ, మొత్తం డేటాబేస్‌నే అందులో పెట్టేస్తాను. ఎస్‌డీ కార్డు మీద నడిచే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న మెషీన్లకూ మంచిదే, కార్డు అరగదు. రెండుచోట్లా సైజు మాత్రం చేతితో రాసి పెట్టండి, సగం ర్యామ్ అన్న డిఫాల్ట్‌కు వదలకండి.

విడి లోకల్ ఎస్ఎస్‌డీ: ఊరి బయట సొంత కళ్ళం

పెద్ద రిపోర్టులు తప్పనివాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. పేజీ క్యాష్ లాభం అలాగే ఉంటుంది, చిన్న ఫైళ్ళు ర్యామ్‌లోనే పుట్టి పోతాయి. పెద్దవి పొంగితే పోవడానికి దారి ఉంటుంది, ఆ దారిలో వాల్ ఫైలు అడ్డురాదు. చోటు నిండితే ఆ ఒక్క క్వెరీ ఆగుతుంది, సర్వర్ నిలబడుతుంది.

ఈ డిస్క్‌కు భద్రత అక్కర్లేదు కాబట్టి దానికయ్యే ఖర్చు మిగుల్చుకోవచ్చు. రెయిడ్‌లో జంట డిస్కులు వద్దు. ఈఎక్స్‌టీ4ను జర్నల్ లేకుండా తయారుచేసుకోవచ్చు, నోఎటైమ్‌తో (ఫైలు చదివిన సమయం రాసుకోకుండా) మౌంట్ చేయొచ్చు. క్లౌడ్‌లో మెషీన్‌తోపాటు వచ్చే లోకల్ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ) డిస్కులు దీనికి సరిగ్గా సరిపోతాయి. మెషీన్ ఆపితే వాటిలోది పోతుంది, మనకు పోయినా పర్వాలేదు. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో 2022 చివర్లో వచ్చిన "ఆప్టిమైజ్డ్ రీడ్స్" అసలు చేసే పని ఇదే, టెంపరరీ టేబుళ్ళను లోకల్ ఎన్‌వీఎంఈ మీదకు మళ్ళించడం.

పోస్ట్‌గ్రెస్‌లో ఆ డిస్క్ మీద ఒక టేబుల్‌స్పేస్ సృష్టించి, "టెంప్_టేబుల్‌స్పేసెస్" సెట్టింగ్‌లో దాని పేరు రాస్తే చాలు. అయితే మాన్యువల్‌లో ఒక హెచ్చరిక ఉంది: ఊరికే మాయమయ్యే చోట టేబుల్‌స్పేస్ పెడితే మొత్తం క్లస్టర్ నమ్మకానికే ముప్పు అని. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పొరపాటున ఎవరైనా అసలు టేబుల్ ఒకటి అందులో సృష్టిస్తే అది పోతుంది. కాబట్టి ఆ టేబుల్‌స్పేస్ పేరులోనే "తాత్కాలికం" అని తెలిసేలా పెట్టి, ఎవరికి అనుమతి ఇస్తున్నారో చూసుకోండి. మెషీన్ ఆపి లేపాక డిస్క్ ఖాళీగా వస్తుంది కాబట్టి, పోస్ట్‌గ్రెస్ లేవకముందే ఫార్మాట్, మౌంట్, లోపలి ఫోల్డర్లు, అనుమతులు అన్నీ సిద్ధం చేసే చిన్న స్క్రిప్ట్ రాసి పెట్టుకోండి. ఆ స్క్రిప్ట్‌ను మామూలు రోజున ఒకసారి మెషీన్ ఆపి, లేపి పరీక్షించండి. మౌంట్ విఫలమైతే ఆ ఫోల్డర్ రూట్ డిస్క్ మీదే ఉండిపోయి, టెంప్ ఫైళ్ళు రూట్‌ను నింపే ప్రమాదం కూడా ఉంది.

ఏ చోటు ఎంచుకున్నా "టెంప్_ఫైల్_లిమిట్" పెట్టండి. డిఫాల్ట్‌గా దానికి హద్దు లేదు. జాయిన్ షరతు మర్చిపోయిన ఒక్క క్వెరీ ఎంత పెద్ద డిస్క్‌నైనా నింపగలదు.

ఫైలే పుట్టకుండా చూడటం

పోస్ట్‌గ్రెస్‌లో ఒక సార్ట్‌కు దొరికే మెమరీ, అంటే "వర్క్_మెమ్", డిఫాల్ట్‌గా 4 ఎంబీ. ఈ రోజుల్లో అది చాలా తక్కువ. కానీ "ర్యామ్ ఉందిగా" అని అందరికీ 256 ఎంబీ రాసేయకండి. ఆ అంకె కనెక్షన్‌కు ఒకటి కాదు, క్వెరీలోని ప్రతి సార్ట్‌కూ, ప్రతి హాష్‌కూ విడివిడిగా. హాష్‌లకైతే 15వ వెర్షన్ నుంచి దానికి రెండింతలు. 200 కనెక్షన్లు, ఒక్కోదానిలో రెండు సార్ట్‌లు, 64 ఎంబీ చొప్పున లెక్కేసినా 25 జీబీ దాటుతుంది.

నేను చేసేది ఇలా. ముందు "లాగ్_టెంప్_ఫైల్స్" సున్నాకు మార్చి ఒక వారం చూస్తాను. ఏ క్వెరీ ఎంత పెద్ద ఫైలు రాసిందో లాగ్ పేరుపేరునా చెబుతుంది. అవన్నీ 20, 30 ఎంబీ ఫైళ్ళయితే వర్క్_మెమ్ 32కో 64కో పెంచితే కథ ముగిసినట్టే. రిపోర్టులవి మాత్రమే పెద్దవైతే, రిపోర్టులకు విడిగా ఒక యూజర్‌ను సృష్టించి ఆ యూజర్‌కే ఎక్కువ మెమరీ ఇస్తాను. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో "ఎక్స్‌టర్నల్ మెర్జ్, డిస్క్ 100 ఎంబీ" అని కనిపిస్తే 100 ఎంబీ ఇచ్చి సరిపెట్టలేం. ఫైలులో డేటా కుదించినట్టు ఉంటుంది, మెమరీలో అదే డేటా అంతకన్నా ఎక్కువ చోటు తింటుంది. కొన్నిసార్లు రెండింతలకు పైగానే ఇవ్వాల్సి వస్తుంది. అన్నిటికన్నా ముందు, ఆ సార్ట్ ఒక ఇండెక్స్‌తో పోతుందేమో చూడండి.

మైఎస్‌క్యూఎల్‌లో సార్ట్ బఫర్ డిఫాల్ట్ 256 కేబీ, అంతర్గత టెంప్ టేబుల్‌కు 16 ఎంబీ. "క్రియేటెడ్_టీఎంపీ_డిస్క్_టేబుల్స్" అంకె రోజురోజుకూ ఎలా పెరుగుతోందో చూసి నిర్ణయించుకోవాలి.

విండోస్ మీద

విండోస్ ఇందులో ఒక మంచి పని చేసింది. ఫైలు తెరిచేటప్పుడే "ఇది తాత్కాలికం" అని చెప్పే గుర్తు ఉంది. ఆ గుర్తుంటే, క్యాష్‌లో చోటున్నంతవరకు దాన్ని డిస్క్‌కు రాయకుండా ఉంచుతుంది. మామూలు ఫైళ్ళ డర్టీ పేజీలను సెకనుకోసారి కొంతకొంత చొప్పున రాసే లేజీ రైటర్ వీటిని వదిలేస్తుంది. "మూయగానే తుడిచెయ్" అన్న గుర్తు కూడా ఉంది. ఎస్‌క్యూలైట్ విండోస్ మీద ఈ రెండూ వాడుతుంది. లినక్స్‌లో దానంతట అదే జరిగే మేలును ఇక్కడ అడిగి తీసుకోవచ్చన్నమాట. యాంటీవైరస్ ప్రతి టెంప్ ఫైలునూ తెరిచి చూస్తుంటే మాత్రం ఆ లాభం ఆవిరైపోతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ దారి పూర్తిగా వేరు. అది ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ను పక్కనపెట్టి తన బఫర్ పూల్‌తోనే నడుస్తుంది. దాని తాత్కాలిక డేటాబేస్ "టెంప్‌డీబీ" కూడా అంతే. కాబట్టి పైన చెప్పిన పేజీ క్యాష్ వాదన దానికి పనికిరాదు, టెంప్‌డీబీ ఉన్న డిస్క్ వేగం నేరుగా తగులుతుంది. అది సర్వర్ లేచిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది కాబట్టి లోకల్ ఎస్ఎస్‌డీయే సరైన చోటు. అజూర్ మెషీన్లలో వచ్చే తాత్కాలిక డీ డ్రైవ్‌ను దీనికే వాడమంటారు. అయితే మెషీన్ ఆపి లేపాక డీ డ్రైవ్‌లో మీరు సృష్టించిన ఫోల్డర్ ఉండదు, ఫోల్డర్ లేకపోతే సర్వర్ లేవదు. ఇక్కడా స్క్రిప్ట్ కావాల్సిందే. డేటా ఫైళ్ళు ఎన్ని పెట్టాలంటే కోర్లు ఎన్నో అన్ని, 8 దాకా.

ఎస్‌క్యూలైట్ వాడే చిన్న ప్రోగ్రాములు

షాపు బిల్లింగ్, మొబైల్ యాప్, డెస్క్‌టాప్ టూల్ లాంటివాటికి, టెంప్ ఫైళ్ళు ఎక్కడ ఉండాలో చెప్పే "టెంప్_స్టోర్"ను మెమరీకి మార్చడం మంచి ఎంపికే. డేటా కొన్ని వందల ఎంబీల లోపు ఉంటే నేనూ అలాగే చేస్తాను. ఒక్క వ్యాక్యూమ్ (డేటాబేస్ ఫైలును కుదించే కమాండ్) విషయంలో జాగ్రత్త. అది మొత్తం డేటాబేస్‌ను టెంపరరీగా మళ్ళీ రాస్తుంది, టెంప్_స్టోర్ మెమరీ అయితే ఆ కాపీ కూడా మెమరీలోనే పుడుతుంది. 2 జీబీ డేటాబేస్ ఉన్న 4 జీబీ కంప్యూటర్‌లో అలా చేస్తే మెషీన్ బిగుసుకుపోతుంది. వ్యాక్యూమ్‌కు ముందు ఆ కనెక్షన్‌లో టెంప్_స్టోర్‌ను ఫైలుకు మార్చండి, డిస్క్‌లో డేటాబేస్‌కు రెండింతల ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

టెంప్_స్టోర్ పక్కనే "జర్నల్_మోడ్" అనే సెట్టింగ్ ఉంటుంది, దానికీ "మెమరీ" అన్న విలువ ఉంది. పేర్లు ఒకేలా ఉన్నాయని రెండూ మార్చేసినవాళ్ళ కోడ్ చూశాను. మొదటిది కళ్ళాన్ని కదుపుతుంది. రెండోది గాదె తాళం తీసేస్తుంది: ట్రాన్సాక్షన్ మధ్యలో కరెంటు పోతే డేటాబేస్ పాడవ్వచ్చు. మీ కోడ్‌లో ఆ రెండో వరుస ఉంటే ఈ రోజే తీసేయండి.